చిరివేరు నుంచి జీవకణం దాకా: మన నేల రంగుల కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని మన కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు, పెన్షను లెక్కలూ డి.ఏ. బకాయిలూ వివరంగా వ్రాసేవారు చాలామంది ఉన్నారు కదా, నేనేమి వ్రాయను అనుకున్నాను. ముప్ఫై రెండేళ్ళు జూనియర్ కళాశాలలలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి సీసాలు, ద్రావణాలు, రంగులు. అందుచేత రంగుల మీదే వ్రాస్తున్నాను. ఇది క్లాసు పాఠం కాదు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నేలతో ముడిపడిన చరిత్ర. చివరకు మన వయసువారి కళ్ళతో, కాళ్ళతో కూడా ముడిపడిన చరిత్ర. కొంచెం ఓపికగా చదవమని మనవి.

కంటిలో వెలిగిన పసుపు రంగు

నాకు చక్కెర వ్యాధి వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఏడాదికొకసారి కళ్ళు చూపించుకోమని డాక్టరు గారు చెబుతూనే ఉన్నారు. "బాగానే కనిపిస్తోంది కదా" అని నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే పేపరు చదువుతుంటే అక్షరాల వరుస నడిమధ్యలో వంకర తిరిగింది. కళ్ళజోడు తుడిచాను. వంకర పోలేదు. అప్పుడు పరుగెత్తాను.

కంటి ఆసుపత్రిలో చేతి నరంలోకి పసుపు, నారింజ కలిసిన రంగు మందు ఎక్కించారు. గడ్డం ఒక ఆధారం మీద పెట్టించి నీలి కాంతి మెరిపిస్తూ వరుసగా ఫోటోలు తీశారు. చేతిలో ఎక్కించిన రంగు పది పదిహేను సెకన్లలో కంటికి చేరింది. ఆ ఫోటోలు నాకు చూపించారు. నల్లని నేపథ్యం మీద రక్తనాళాలు వేపకొమ్మల్లాగా తెల్లగా వెలుగుతున్నాయి. అక్కడక్కడ ఆ వెలుగు నాళం దాటి మరకలాగా పరుచుకుంది. "అవే కారుతున్న చోట్లు" అన్నారు డాక్టరు గారు. ఎడమ కన్ను నిలబడింది. కుడి కంటిలో నడిమి చూపు కొంత పోయింది. రెండేళ్ళు ముందు వచ్చి ఉంటే పోయేది కాదేమో అని ఆయన మెల్లగానే అన్నారు గాని, ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రాత్రి, మరునాడు పొద్దున మూత్రం పచ్చని పసుపుగా వస్తే ఇంట్లో కంగారు పడ్డారు. నాకు మాత్రం నవ్వు వచ్చింది. ఆ రంగు నాకు పాత స్నేహితుడు. దాని పేరు ఫ్లోరెసీన్. ఎన్నోసార్లు పిల్లలకు బీకరులో కలిపి చూపించాను. నా ఒంట్లో తిరుగుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మా మనవరాలు జీవశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. సంగతి విని ఫోనులో, "తాతయ్యా, నీ కంట్లోకి వెళ్ళిన రంగుకి మనవలూ మునిమనవలూ మా లేబరేటరీలో ఉన్నారు. బ్రతికి ఉన్న మెదడులోని కణాన్ని కోయకుండా చూపిస్తాయి" అంది. ఆ మాట పట్టుకుని కొన్ని నెలలు చదివాను. చదివినకొద్దీ ఆ దారి మన ఊళ్ళ మీదుగా పోతున్నట్లు కనిపించింది.

నిజాంపట్నం ఎరుపు

మన తీరంలో ఇసుక నేలల్లో చిరివేరు అని చిన్న మొక్క ఉండేది. దాని వేరు నుంచి ఎర్ర రంగు తీసేవారు. పాత ఐరోపా వర్తకులు పేటపోలి అని వ్రాసుకున్న ఊరు మన నిజాంపట్నమే. అప్పటి గుంటూరు జిల్లాలోనిది, 2022 నుంచి బాపట్ల జిల్లాలోనిది. డచ్చివారు 1606లోను, ఇంగ్లీషువారు 1611లోను ఈ రేవుకు వచ్చారు. వారిని రప్పించినవి మన అద్దకపు బట్టలు. ఈ ప్రాంతపు చిరివేరు ఎరుపుకు ఆనాడే పేరుండేది. తరువాతి కాలంలో చీరాల ప్రాంతపు నేతగాళ్ళు నూనె పట్టించిన నూలుకు ఎర్ర రంగు వేసి నేసిన తేలియా రుమాళ్ళు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్ళాయి.

ఆ ఎరుపుకు మూలమైన పదార్థం అలిజరిన్. అది తనంతట తాను నూలుకు గట్టిగా అంటదు. పటిక పట్టించిన బట్ట మీద అల్యూమినియం, కాల్షియంలతో కలిసి పట్టు బిగిస్తుంది. ఆ మూడూ కలిస్తేనే వెలవని ఎరుపు. అలిజరిన్‌కు కాల్షియం మీద ఉన్న ఈ మక్కువను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మన కథకు ఇదే దారం.

ఇంగ్లండులో 1736లో జాన్ బెల్చియర్ అనే శస్త్రవైద్యుడు ఒక వింత చూశాడు. అలిజరిన్ ఉన్న మంజిష్ఠ జాతి వేరు తిన్న పందుల ఎముకలు ఎర్రబడ్డాయి. మాంసం ఎర్రబడలేదు, ఎముకే ఎర్రబడింది. ఎముకలో కాల్షియం ఉంది కాబట్టి రంగు అక్కడకు వెళ్ళి పట్టుకుంది. బట్టలకు వేసే రంగు శరీరం లోపలి సంగతి చెప్పగలదని దానితో తెలిసింది.

1869లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్, ఇంగ్లండులో పెర్కిన్ అలిజరిన్‌ను తారు నుంచి తయారుచేసే పద్ధతులు కనిపెట్టారు. 1897 నుంచి జర్మనీ కృత్రిమ నీలి మందు బజారుకు వచ్చింది. చిరివేరు తవ్వేవారికి, నీలి పండించేవారికి పని పోయింది. రంగు రైతు చేతిలో నుంచి కర్మాగారం చేతికి వెళ్ళిపోయింది. మన చీరాల అద్దకం కూడా సీసాలలో వచ్చిన అలిజరిన్ మీదికి మారింది. పని పోయిన ఆ కుటుంబాల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

పత్తి పువ్వులో దాగిన రంగు

మన నల్లరేగడిలో ఒకప్పుడు పండిన దేశవాళీ పత్తిని వర్తకంలో కోకనాడ పత్తి అనేవారు. పండింది గుంటూరు, కృష్ణా జిల్లాల పొలాల్లో, పేరు మాత్రం ఎగుమతి అయిన కాకినాడ రేవుది. దూదిలో కొంచెం ఎర్రమన్ను ఛాయ ఉండేది. దాని పువ్వు పసుపు.

ఆ పసుపేమిటో తేల్చినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు. ప్రొఫెసరు టి.ఆర్. శేషాద్రి గారు 1934లో వాల్తేరు వచ్చి రసాయనశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1949లో ఢిల్లీ వెళ్ళేవరకు అక్కడే పనిచేశారు. 1930 దశకం రెండవ సగంలో ఆయన, ఆయన శిష్యుడు కె. నీలకంఠం గారు పత్తి పువ్వులలోని రంగు పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి వాటి నిర్మాణాలు తేల్చారు. గాసిపెటిన్, క్వెర్సెటిన్ మొదలైన ఈ పదార్థాలు ఫ్లేవొనాల్ అనే కుటుంబానికి చెందినవి. చేలో రాలిపోయే పువ్వును తెచ్చి ఇంత పని చేయడం ఎందుకని ఆనాడు అడిగినవారు ఉండే ఉంటారు.

దానికి సమాధానం నలభై ఏళ్ళ తరువాత వచ్చింది. 1979లో సేన్‌గుప్తా, కాషా అనే శాస్త్రజ్ఞులు ఈ ఫ్లేవొనాల్ చట్రం కాంతిని తీసుకున్న క్షణంలో ఒక ప్రోటాను లోపల లోపలే చోటు మారుతుందని, అందువల్ల అది వెలువరించే కాంతి రంగు మారుతుందని చూపారు. వారు పరిశీలించిన వాటిలో మన పత్తి పువ్వు క్వెర్సెటిన్ కూడా ఉంది. తరువాతివారు అదే చట్రానికి మార్పులు చేసి, జీవకణపు పొర ఎలా ఉందో చెప్పగల రంగులు తయారు చేశారు.

రంగు వేరు, వెలుగు వేరు

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి. మిరపపండు ఎర్రగా ఉంటుంది. దానికి కారణం కాప్సాంథిన్ అనే పదార్థం. కాని అది దాదాపు వెలగదు. తీసుకున్న కాంతినంతా వేడిగా మార్చేసుకుంటుంది. ఫ్లోరెసీన్ అలా కాదు. నీలి కాంతిని తీసుకుని ఆకుపచ్చ కాంతిని తిరిగి ఇస్తుంది. ఈ గుణానికి 1852లో స్టోక్స్ పేరు పెట్టాడు. తెలుగులో ప్రతిదీప్తి అంటున్నాము.

తీసుకున్న కాంతిని ఒక అణువు తిరిగి ఇవ్వాలంటే ఏమి కావాలి? మన కళాశాల లేబరేటరీలో అందరికీ తెలిసిన ఫినాఫ్తలీన్‌ను తలచుకోండి. క్షారం తగలగానే గులాబీ రంగు వస్తుంది, కాని వెలగదు. ఫ్లోరెసీన్ దానికి సొంత తోబుట్టువు. రెండింటినీ 1871లో బేయర్ అనే జర్మను రసాయనవేత్త తయారుచేశాడు. తేడా అంతా ఒక్క ఆక్సిజన్ వంతెనలో ఉంది. ఫ్లోరెసీన్‌లో ఆ వంతెన రెండు వలయాలను కదలకుండా బిగించి ఉంచుతుంది. ఫినాఫ్తలీన్‌లో అది లేదు గనుక వలయాలు ఊగుతాయి. ఊగే అణువు శక్తిని ఊగులాటలోనే పోగొట్టుకుంటుంది. బిగించిన అణువు దాన్ని కాంతిగా తిరిగి ఇస్తుంది. వెలిగే రంగు తయారుచేయాలనుకునే ప్రతివాడికీ ఇది మొదటి సూత్రం.

అమెరికాలో 1961లో నోవాట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు యువకులు ఈ ఫ్లోరెసీన్‌నే మనిషి నరంలోకి ఎక్కించి కంటి రక్తనాళాల ఫోటోలు తీశారు. నా కన్ను కాపాడిన పరీక్ష వారి చలవే.

మన సుబ్బారావు గారి బంగారు మందు

1895లో భీమవరంలో పుట్టిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తెలియని తెలుగువాడు ఉండకూడదు. అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనలకు ఆయన నాయకత్వం వహిస్తున్న కాలంలో, ఆయన బృందంలోని డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ మందును కనుగొన్నాడు. అది 1948లో వెలుగు చూసింది. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. దాని పసిడి రంగును బట్టే ఆ పేరు వచ్చింది.

ఆ కుటుంబపు మందులు చిన్నపిల్లలకు వేస్తే పళ్ళు పసుపుబారతాయని మనలో చాలామందికి తెలుసు. కారణం మళ్ళీ కాల్షియమే. ఈ మందు కాల్షియాన్ని పట్టుకుని పెరుగుతున్న ఎముకలో, పంటిలో నిలిచిపోతుంది. 1957లో పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఆ ఎముకను అతినీలలోహిత కాంతిలో చూస్తే పసుపుగా వెలుగుతోంది. కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు మందు ఇస్తే ఎముకలో రెండు వెలుగు గీతలు పడతాయి. వాటి మధ్య దూరాన్ని బట్టి ఎముక ఎంత పెరిగిందో కొలవవచ్చు. 1970 దశకంలో క్లోర్‌టెట్రాసైక్లిన్‌ను, అంటే ఆ ఆరియోమైసిన్‌నే, కణంలోని పొరల దగ్గర ఉండే కాల్షియాన్ని చూడడానికి ప్రతిదీప్తి రంగుగా వాడారు. రోగం తగ్గించడానికి వచ్చిన మందు కణంలోపలకి చూసే దీపమయింది. సుబ్బారావు గారు ఆ రోజు చూడలేదు.

గంజి టోపీ పెట్టిన రంగు

కణంలో కాల్షియం కోసం ఇంత వెతుకులాట ఎందుకు? ఎముకలో ఉన్నది గడ్డకట్టిన కాల్షియం. కణంలో ఉన్నది వార్తాహరుడు. మామూలుగా కణం లోపల ఉన్న స్వేచ్ఛా కాల్షియం బయట ఉన్నదానిలో పదివేలవ వంతు ఉంటుంది. గుండె కొట్టుకోవాలన్నా, కండ బిగియాలన్నా, నాడి వార్త పంపాలన్నా ఆ కొంచెం ఒక్కసారి పెరుగుతుంది. దాన్ని చూడగలిగితే కణం పనిచేసే క్షణాన్ని చూసినట్లే.

బోరు నీటి కాఠిన్యం కొలవడానికి మేము లేబరేటరీలో ఇ.డి.టి.ఎ. వాడేవాళ్ళం. అది కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని రెండింటినీ పట్టుకుంటుంది. దాని బంధువు ఇ.జి.టి.ఎ. కాల్షియాన్నే ఎక్కువగా ఎన్నుకుంటుంది. రోజర్ చెన్ అనే యువ శాస్త్రజ్ఞుడు 1980లో ఈ ఇ.జి.టి.ఎ. అణువులో బెంజీను వలయాలు చేర్చి బాప్టా అనే పదార్థం చేశాడు. దానికి వెలిగే భాగాన్ని జోడించి 1985లో సహచరులతో కలిసి ఫ్యూరా-2 అనే రంగు తెచ్చాడు. కాల్షియం పట్టుకోగానే ఈ రంగు తీసుకునే కాంతి మారుతుంది. ఆ మార్పును కొలిస్తే కాల్షియం ఎంతో తెలుస్తుంది.

అయితే ఒక చిక్కు. ఋణావేశం ఉన్న ఇలాంటి అణువు కణపు పొర దాటి లోపలికి పోదు. చెన్ 1981లోనే దానికి ఉపాయం కనిపెట్టాడు. గంజి పెట్టి బిగించిన టోపీల్లాగా ఆవేశాల మీద ఎస్టరు మూతలు పెట్టాడు. మూతలతో రంగు లోపలికి జారిపోతుంది. లోపల ఉన్న ఎంజైములు ఆ మూతలు ఊడదీస్తాయి. ఇక అది బయటకు రాలేదు. కణాన్ని గుచ్చకుండా, కోయకుండా రంగు లోపల కూర్చుంటుంది. చెన్‌కు 2008లో మరొక పనికి, జెల్లీచేపల ఆకుపచ్చ ప్రోటీను మీద కృషికి, మరిద్దరితో కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. 2016లో ఆయన పోయారు.

బోరెం ఎత్తే ఇద్దరు

ఫ్యూరా-2ను వెలిగించడానికి అతినీలలోహిత కాంతి కావాలి. అది బ్రతికిన కణానికి మంచిది కాదు. పైగా కండలో, మెదడులో లోతుకు పోదు. పాలలో టార్చిలైటు వేసినట్లు చెదిరిపోతుంది. మరి లోతున ఉన్న కణాన్ని చూడడం ఎలా?

జర్మనీలో మరియా గోపర్ట్ మేయర్ అనే విద్యార్థిని తన పరిశోధనలో ఒక లెక్క కట్టింది. అది 1931లో అచ్చయింది. ఒక పెద్ద ఫోటాను చేసే పనిని, దానిలో సగం శక్తి ఉన్న రెండు ఫోటానులు ఒకేసారి వచ్చి చేయగలవు అన్నది ఆ లెక్క. పత్తి బోరెం ఎత్తడం వంటిది ఇది. బలశాలి అయితే ఒక్కడే బండి మీదికి ఎత్తుతాడు. మామూలు మనుషులైతే ఇద్దరు కావాలి. ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేయాలి. ఒకడు పొద్దున, ఒకడు సాయంత్రం వచ్చి ఎత్తితే బోరెం కదలదు. మామూలు దీపపు కాంతిలో రెండు ఫోటానులు ఒకే క్షణంలో ఒకే అణువు మీదకు రావడం అతి అరుదు. అందుకని 1960లో లేజరు వచ్చేవరకు ఆ లెక్క కాగితం మీదే ఉండిపోయింది. 1961లో కైజర్, గారెట్ ప్రయోగం చేసి నిజమని చూపారు. ఆవిడకు 1963లో నోబెల్ వచ్చింది గాని, అది పరమాణు కేంద్రకం మీద చేసిన పనికి.

1990లో అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయంలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ ఈ సూత్రంతో మైక్రోస్కోపు కట్టారు. లేజరు కాంతిని సెకనులో లక్ష కోట్లవ వంతుకన్నా చిన్న తునకలుగా, ఒక్క చుక్క మీదికి గుమికూర్చారు. సంతలో జనం ఒక్క గుమ్మం దగ్గరే కిక్కిరిసినట్లు ఫోటానులు ఆ చుక్కలోనే కిక్కిరుస్తాయి. రంగు అక్కడే వెలుగుతుంది. పైనా కిందా చీకటే. వాడే కాంతి పరారుణానికి దగ్గరిది కాబట్టి లోతుకు పోతుంది, కణానికి హాని తక్కువ. 1997లో స్వబోడా, డెంక్ మొదలైనవారు ఈ పద్ధతితో, బ్రతికి ఉన్న ఎలుక మెదడులో నాడీకణపు కొమ్మలలో కాల్షియం ఎగసిపడడం చూశారు.

దీనికి తగిన రంగు ఎలా ఉండాలన్న ప్రశ్న అప్పుడు ముందుకు వచ్చింది. రెండు ఫోటానులను ఒక అణువు ఎంత బాగా అందుకుంటుందో కొలిచే కొలతకు గోపర్ట్ మేయర్ పేరే పెట్టారు. ఫ్లోరెసీన్ వంటి పాత రంగులకు అది పదుల్లో ఉంటుంది. 1998లో మార్డర్, పెర్రీ, వెబ్ మొదలైనవారు ఒక సూత్రం చూపారు. అణువుకు రెండు చివరలా ఎలక్ట్రానులు ఇచ్చే భాగాలు పెట్టి, మధ్యలో అవి జారిపోవడానికి పొడవైన బాట వేస్తే ఆ కొలత ఎన్నో రెట్లు పెరుగుతుంది. వారి అణువులలో అది వెయ్యి దాటింది.

అయితే పొడుగు పెంచితే ఒక మేలు, ఒక కీడు. పొడవైన అణువు జిడ్డుగా మారి నీళ్ళలో కరగదు. కణంలోకి పోకుండా పొరకే అంటుకుంటుంది. కాంతిని బాగా అందుకున్నా, బాగా వెలగకపోతే ప్రయోజనం లేదు. వెలిగినా నాలుగు నిమిషాల్లో మాడిపోతే ప్రయోజనం లేదు. కణానికి విషమైతే అసలే లాభం లేదు. కొరియా విశ్వవిద్యాలయంలో బాంగ్ రే చో బృందం ఇందుకు మధ్యే మార్గం పట్టింది. నాఫ్తలీను చట్రం మీద చిన్న అణువులు కట్టి, 2007 నుంచి మెగ్నీషియం, కాల్షియం మొదలైనవాటిని కణజాలం లోతున చూపే రంగులు వరుసగా తెచ్చింది. బట్ట అద్దే మన పూర్వులకు ఈ మాట చెబితే ఆశ్చర్యపోరు. రంగు పట్టాలి, నిలవాలి, బట్ట చెడకూడదు అన్నవే కదా వారి మూడు నియమాలు!

మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కూడా ప్రొఫెసరు డి. నారాయణరావు గారు, వారి సహచరులు పలు రంగులలో రెండు ఫోటానుల శోషణను కొలిచారు. 2003లో రోడమిన్-బి అనే రంగు మీద వారి పని అచ్చయింది. ఈ రోడమిన్ సంగతి మళ్ళీ చివర చెబుతాను.

మిరపకాయ మంట ఎక్కడ?

ఇప్పుడు మన పంట దగ్గరకు వద్దాం. మిరప మన దేశపుది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడల మీద వచ్చింది. అయినా ఇవాళ గుంటూరు పేరు చెబితే మిరప, మిరప పేరు చెబితే గుంటూరు. కారంలోని మూల పదార్థాన్ని స్ఫటికాలుగా తీసి కాప్సైసిన్ అని పేరు పెట్టినది 1876లో థ్రెష్ అనే ఆంగ్లేయుడు. కాని అది నాలుక మీద ఎందుకు మండుతుందో మరో నూట ఇరవై ఏళ్ళ వరకు తేలలేదు.

కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం ఇందుకు ఫ్యూరా-2 రంగునే వాడింది. నొప్పిని మోసే నాడులలో పనిచేసే జన్యువులను వేల సంఖ్యలో గుంపులుగా విడదీసి, కారం తెలియని మామూలు కణాలలో పెట్టారు. వాటిలో రంగు నింపారు. పైన కాప్సైసిన్ చల్లారు. ఏ కణంలో కాల్షియం పెరిగి రంగు మారుతుందో చూస్తూ కూర్చున్నారు. ఒక గుంపులో కొన్ని కణాలు మారాయి. ఆ గుంపును మళ్ళీ చీల్చి, మళ్ళీ చీల్చి, ఒక్క జన్యువు దగ్గరకు చేరారు. 1997లో అది ప్రకటించారు. మిరప కారానికి తెరుచుకునే ఆ తలుపే దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా తెరుచుకుంటుంది. రోహిణి కార్తె ఎండనూ మిరప కారాన్నీ మన భాషలో ఒకే "మంట" అంటాము. పెద్దలు అన్నమాట కణం దగ్గర కూడా నిజమే! జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇది మనకు ఉపయోగపడని విషయం కాదు. చక్కెర వ్యాధి ముదిరినవారికి రాత్రిళ్ళు అరికాళ్ళు మండుతాయి. మంట లేకుండానే మంట తెలుస్తుంది. నాడి చెడిపోయి తలుపు తెరిచి ఉండడం వంటిది. గాఢమైన కాప్సైసిన్ పట్టీని డాక్టర్ల పర్యవేక్షణలో చర్మం మీద ఉంచితే ఆ నాడికొనలు కొంతకాలం మొద్దుబారి నొప్పి తగ్గుతుంది. 8 శాతం పట్టీని అమెరికాలో సర్పి తగ్గాక మిగిలే నొప్పికి 2009లో, చక్కెర వ్యాధివల్ల పాదాలకు వచ్చే నొప్పికి 2020లో అనుమతించారు. దయచేసి ఇది చదివి ఎవరూ కారం పొడి కాళ్ళకు రాసుకోవద్దు! అడగవలసింది డాక్టరు గారిని.

చూపే రంగు, దాచే రంగు

రోడమిన్-బి సంగతి చెబుతానన్నాను. అది మన ఫ్లోరెసీన్‌కు దాయాది. లేబరేటరీలో అమూల్యమైన వస్తువు. అదే రంగు కారం పొడిలో కల్తీగా పట్టుబడింది. 2024 ఫిబ్రవరిలో పీచు మిఠాయిలో అది కనిపించినందుకే పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు ఆ మిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. అలాగే నూనెలకు, మైనానికి వేసే సుడాన్ ఎరుపు. మన దేశం నుంచి వెళ్ళిన కారంలో అది ఉందని 2003లో ఫ్రాన్సులో పట్టుకున్నారు. ఐరోపా అంతటా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. 2005లో బ్రిటనులో అలాంటి కారం కలిసిన వందల రకాల సరుకులు అంగళ్ళ నుంచి వెనక్కు తీశారు. ఎవరో కొందరు చేసిన పనికి, ఎండలో కళ్ళాల మీద కాయ ఎండబెట్టిన రైతు పేరు చెడింది. ఇంట్లో చిన్న పరీక్ష ఉంది. గ్లాసుడు నీళ్ళ మీద కాస్త కారం పొడి చల్లండి. రంగు చారలు చారలుగా కిందికి దిగితే పైరంగు కలిపారని అనుమానించవచ్చు.

నాలుగు వందల ఏళ్ళ కథ ఇది. నిజాంపట్నం ఇసుకలో చిరివేరు తవ్వినవారు, చీరాల మగ్గం మీద ఎర్ర రుమాలు నేసినవారు, వాల్తేరులో పత్తిపువ్వు వడపోసినవారు, భీమవరం నుంచి బోస్టను వెళ్ళిన సుబ్బారావు గారు ఒకరినొకరు ఎరుగరు. అయినా ఒకరు వదిలిన కొసను మరొకరు అందుకున్నారు. రంగు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఉన్నదాన్ని చూపించడానికి వాడితే అది వైద్యం. లేనిదాన్ని ఉన్నట్లు చూపడానికి వాడితే అది మోసం.

మొన్న మా మనవరాలు సెలవులకు వచ్చి, తన లేబరేటరీలో తీసిన బొమ్మ ఒకటి చూపించింది. చీకట్లో ఒక నాడీకణం, కొమ్మలతో సహా ఆకుపచ్చగా వెలుగుతోంది. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూశాను. స్పష్టంగా కనిపించింది. ఆ ఒక్క కన్నైనా మిగిలినందుకు ఆ పాత పసుపు రంగుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సభ్యులకు నా మనవి ఒక్కటే. చక్కెర ఉన్నవారు, కనిపిస్తున్నా సరే, ఏడాదికొకసారి కంటి వెనుక భాగం చూపించుకోండి. అక్షరాలు వంకర తిరిగేవరకు ఆగకండి. నేను ఆగాను.

సెలవు.

— ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపన్యాసకుడు